కార్పో పెన్సిళ్ళు

ఆ వేసవిలో మా ఇంట్లో పెన్సిళ్ళకు మాత్రం లోటు లేదు. అన్నీ పసుపుపచ్చవి, ప్రతిదాని మీదా బంగారు రంగు అక్షరాలతో 'కార్పో' అని అచ్చువేసి ఉండేది. కెప్టెన్ కార్పో మనుషులు ఇంటికో డజను చొప్పున పంచిపెట్టారు. అక్షరం ముక్క రాని ఇళ్ళకు కూడా పంచారు. కొన్ని ఇళ్ళలో వాటికి చేపలు గుచ్చి ఎండబెట్టుకున్నారు. ఆ పెన్సిళ్ళకు తగిన మర్యాద జరిగింది అక్కడొక్కచోటే అని నా ఉద్దేశం.

మా దీవుల్లో ఊరి పెద్దను కెప్టెన్ అంటాం. ఆ ఏడు మే నెలలో కెప్టెన్ ఎన్నికలు. నేను ఊరి బడిలో టీచర్ని. మార్చి ఆఖరున బడి మూసేశాం, జూన్‌లో మళ్ళీ తెరవాలి. ఈ మధ్యలో నేను పెట్టుకున్న పని ఒక్కటే. మా చెల్లెలి కూతురికి తన పేరు రాసుకోవడం నేర్పి, జూన్‌లో ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలి.

దాని పేరు మెల్డినా. మా చెల్లెలు మెలిండా పేరు కొంత, దాని మొగుడు దినో పేరు కొంత కలిపి కట్టిన పేరు. మా వైపు పిల్లలకు చాలామంది అలాగే పెడతారు. కడుపుతో ఉండగానే మెలిండా ఆ పేరు కట్టి దాచుకుంది. దినో ఓడెక్కి వెళ్ళి మళ్ళీ రాలేదు. మెలిండా పురిట్లో పోయింది. ఆ ఏడుపుల్లో పుట్టిన పిల్లను ఆఫీసులో రాయించాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆరేళ్ళు నిండబోతున్నా ఆ పేరు మా నోళ్ళలో తప్ప ఇంకెక్కడా లేదు.

"పెద్దమ్మా, రాసేశా!" అంటూ ఒకరోజు పొద్దున కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నేను పెరట్లో ఎండుచేపలు తిరగేస్తున్నాను. చేతులు తుడుచుకుని చూశాను. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్క తప్పు లేదు. కార్పో.

"ఇదా నీ పేరు?"

"పెన్సిల్ మీద ఇదే ఉంది. పెన్సిల్ నాది. వస్తువు మీద ఎవరి పేరుంటే అది వాళ్ళదని నువ్వే చెప్పావుగా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల చేతిలోంచి పెన్సిల్ లాక్కుని, చేపల కత్తితో ఆ బంగారు అక్షరాలు గీకి పారేశాను. దానికి పేరు పోయినందుకు కాదు, బంగారం పోయినందుకు ఏడుపొచ్చింది.

"ఆ పుల్ల నిన్నేం చేసిందే, లియోనీ?" అంది అమ్మ, వంటింటి గుమ్మంలోంచి.

అమ్మ పేరు అనస్తాసియా. ఊరంతటికీ తాసియా. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. బడి మెట్టు ఎక్కలేదు. టీచర్ తల్లి వేలిముద్ర మనిషి అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు, నవ్వడంలో తప్పేం లేదు. పదహారేళ్ళలో ఊరి పిల్లలందరి చేతా అక్షరాలు దిద్దించాను గానీ, అమ్మను ఒక్క సాయంత్రం కూర్చోబెట్టలేదు.

పిల్లను బడిలో చేర్చాలంటే పుట్టిన కాగితం కావాలి. ఆలస్యంగా రాయించే పిల్లలైతే, ఈ పిల్ల ఈ పేరుతో ఈ ఊళ్ళోనే పుట్టిందని కెప్టెన్ సంతకం పెట్టాలి. కాగితం టైపు చేయించి, అమ్మనూ పిల్లనూ వెంటబెట్టుకుని ఏప్రిల్ మొదట్లో కార్పో ఇంటికి వెళ్ళాను.

ఆయన పెరట్లో స్టూలు మీద కూర్చుని పందెం కోడికి సేవ చేస్తున్నాడు. ముందురోజు పందెంలో దాని కంటి పక్కన చీరుకుపోయిందట. నోట్లో కొబ్బరికల్లు పుక్కిలించి దాని మొహం మీద ఊదుతున్నాడు. ఆ తర్వాత గాయాన్ని పెదవులతో చీకి పక్కన ఉమ్ముతున్నాడు. ఎర్రటి ఉమ్మి వచ్చి నా చెప్పు పక్కన పడింది. అదే చేత్తో నా కాగితం అందుకున్నాడు.

"మెల్డినా" అని కూడబలుక్కుని, "ఎవరీ పిల్ల?" అన్నాడు.

పిల్ల ఆయనకు ఎదురుగానే నిలబడి ఉంది.

"మెలిండా కూతురండీ. మెలిండా పోయినప్పుడు శవపెట్టెకు చెక్క మీరే పంపారు."

"ఆ, ఆ, చెక్క పంపాను" అన్నాడు. అది మాత్రం బాగా గుర్తుంది. "అది సరే టీచరమ్మా, గవర్నమెంటు కాగితం మీద ఎక్కడా లేని పేరు ఇది. లేని పేరుకు నేనెట్లా సంతకం పెడతాను? రేపెవడన్నా అడిగితే?"

"కాగితం మీదికి ఎక్కించడానికే కదండీ మీ సంతకం."

"చూద్దాం, చూద్దాం. ఎన్నికలైపోనీ. ఇప్పుడు నా చేతులు ఎక్కడ ఖాళీ?" అని కోడిని పైకెత్తి చూపించాడు. "ఈలోగా మా సలూద్‌కి కాస్త సాయం చేసిపెట్టు. చదువు చెప్పేదానివి, నీకెంత పని!"

దారిలో అమ్మ అడిగింది.

"గవర్నమెంటు కాగితం మీద లేదంటే ఏంటే?"

"ఆయన లెక్కలో అది పుట్టలేదని."

"నా చేతుల్లో పుట్టింది. బొడ్డు కోసింది నేను."

"నీ చేతులు కాగితం కాదమ్మా" అన్నాను విసుగ్గా. ఆ రోజుల్లో ఎవరితో మాట్లాడినా విసుగే వచ్చేది. అమ్మ మెల్డినా చేయి పట్టుకుని ముందు నడిచింది.

సలూద్ కార్పోకి ఓట్లు కూడగట్టే మనిషి. అప్పట్లో మా ఎన్నికల్లో చీటీ మీద పేర్లూ గుర్తులూ ఉండేవి కావు. ఖాళీ గీతలుండేవి. ఎవరికి ఓటేస్తే వాళ్ళ పేరు మన చేత్తో ఆ గీత మీద రాయాలి. రాయడం రాని ముసలివాళ్ళను సలూద్ చేయి పట్టుకుని తీసుకెళ్ళి తనే రాసిపెట్టేది. ముప్పై ఏళ్ళుగా అమ్మ ఓటు కూడా అలా ఆమే రాస్తోంది. ఈసారి ఎదుటి పక్షం బెర్తో మనుషులు గొడవచేసి, ఒక మనిషి ముగ్గురికి మించి రాసిపెట్టడానికి వీల్లేదని పట్టుబట్టారు. దాంతో సలూద్‌కి ఉన్నట్టుండి ముసలివాళ్ళ చదువు మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"మీ అమ్మతో కలిపి పదకొండు మందే, టీచర్. అక్షరాలన్నీ ఎందుకు వాళ్ళకి? ఒక్క పేరు వస్తే చాలు" అంది, మా మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ.

"పిల్ల కాగితం సంగతేంటి?"

"నీ పదకొండు మంది చేత నువ్వు రాయించు, ఆ ఒక్కటీ ఆయన చేత నేను రాయిస్తా."

ఆమె మొహం మీద తలుపు వేసేయాలనిపించింది. వేయలేదు. "రేపటి నుంచి పంపండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇందులో ఇంకెవరినీ అనడానికి లేదు.

కొబ్బరి ఎండబెట్టే పాకలో బెంచీలు వేశాం. మక్కిన కొబ్బరి వాసన, ఈగలు, ఎండ. సలూద్ రోజూ ఆకుల్లో చుట్టిన జిగురన్నం తెచ్చి పంచేది. పదకొండు మందీ వలలు లాగి, కొబ్బరి ఒలిచి మొద్దుబారిన వేళ్ళతో కార్పో పెన్సిళ్ళు పట్టుకుని, చెమటలు కక్కుతూ, నాలుక పంటి కింద పెట్టుకుని దిద్దేవాళ్ళు. ఎవరి పేరు? తుఫానుకు ఇళ్ళు ఎగిరిపోయినప్పుడు సాయంగా వచ్చిన రేకుల్ని తన పందుల దొడ్డికి కప్పుకున్నవాడి పేరు. దిద్దేవాళ్ళలో నలుగురి ఇళ్ళకు ఇప్పటికీ ఆకుల కప్పే. వాళ్ళ వెనక నిలబడి "ఇక్కడ ఇంకాస్త గుండ్రంగా" అని చెబుతుంటే నా మీద నాకే రోత పుట్టేది.

అంతకన్నా రోత ఇంకొకటుంది. అందరి చేతా ఒకేలా రాయించొద్దని సలూద్ చెప్పింది. ఒకరికి ఒట్టి కార్పో. ఒకరికి కెప్టెన్ కార్పో. ఒకరికి కార్పో దకుతాన్, దకుతాన్ ఆయన ఇంటిపేరు. ఇలా పదకొండు మందికీ పదకొండు రకాలు. లెక్కింపు రోజున చీటీలు ఒక్కొక్కటీ పైకి చదువుతారు కదా. ఏ రకం వినపడితే ఆ మనిషి ఓటు పడినట్టు. వినపడని మనిషి సంగతి తర్వాత చూసుకుంటారు. అమ్మకు ఇచ్చింది 'దకుతాన్ కార్పో'. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. అలా ఊళ్ళో ఇంకెవరూ రాయరు.

"మరి నా పేరెట్లా ఉంటదో ఎప్పుడు చూపిస్తావమ్మా?" అని అడిగాడు ఇంగో తాత నాలుగో రోజున. డెబ్బై దాటిన మనిషి. పెన్సిల్ చెవిలో పెట్టుకుని చాలా ఆశగా అడిగాడు.

"అది ఓట్లయ్యాక తాతా" అంది సలూద్, నాకన్నా ముందే. "ఇప్పుడే అన్నీ నేర్చేసుకుంటే బుర్ర వేడెక్కుతుంది."

అందరూ నవ్వారు. ఇంగో తాత కూడా నవ్వాడు. నేను మాత్రం ఆ పూట జిగురన్నం తినలేకపోయాను.

మెల్డినా రోజూ అమ్మ పక్కనే బెంచీ మీద కూర్చునేది. తన పేరు అప్పటికి వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచీ దానికి టీచర్ పెత్తనం పట్టుకుంది. సాయంత్రం ఇంటికి రాగానే, చేపలకు పట్టించే ఉప్పు పళ్ళెంలో పలచగా పరిచి, అమ్మ వేలు పట్టుకుని దిద్దించేది.

"అమ్మమ్మా, అక్కడ కాదు, కిందికి లాగు. అబ్బా, నువ్వు వినవు."

"నా వేలు వంగదే తల్లీ."

"వంగుతుంది. చేప పొట్ట చీల్చేటప్పుడు వంగట్లేదా?"

నేను కూర తాలింపులో ఉండి వింటున్నాను. కార్పో పేరే దిద్దిస్తోందనుకున్నాను. తొంగిచూస్తే ఉప్పులో ఉన్నది మెల్డినా.

"ఇందులో మీ అమ్మ ఎంతవరకూ ఉంది?" అని అడిగింది అమ్మ.

"ఇక్కడిదాకా అమ్మ. ఇక్కణ్ణుంచి నాన్న."

అమ్మ వెనక సగాన్ని అరచేత్తో కప్పేసింది. "వీడెలాగూ లేడు" అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ వేసవి మొత్తంలో మా ఇంట్లో వినపడిన మంచి నవ్వు అదొక్కటే. అమ్మ చేయి తీసి మళ్ళీ మొత్తం పేరు రాసింది. "ఉండనీలే. పేరు పూర్తిగా ఉండాలి" అంది.

ఎన్నికల రోజు పొద్దున్నే అమ్మ చర్చికి వెళ్ళే గౌను వేసుకుంది. ఆ రోజు మా బడి గదిలో ఓట్ల పెట్టె దగ్గర కూర్చుని, సాయంత్రం చీటీలు చదవాల్సిన టీచర్ని నేనే.

"చీటీలు పైకి చదువుతారు కదూ? అందరికీ వినపడేట్టు?" అంది అమ్మ, జుట్టు ముడేసుకుంటూ.

"ఒక్కటి కూడా వదలకుండా చదువుతారమ్మా."

"గట్టిగా చదువు. నేను కిటికీ దగ్గరుంటా."

ముసలి భయం అనుకున్నాను. సలూద్ దగ్గరున్న పేర్ల పట్టీలో తన వంతు తప్పిపోతుందేమోనని భయపడుతోందనుకున్నాను.

అమ్మ అడ్డుపలక వెనక ఇరవై నిమిషాలు కూర్చుంది. సలూద్ గుమ్మంలోంచి నా వైపు చూసి, పెదవులు ముందుకు చాపి అమ్మను చూపించి, చేతి గడియారం చూసుకుంది. అమ్మ బయటికొచ్చేసరికి మొహమంతా చెమట. చీటీ మడిచి పెట్టెలో వేసి, "చెయ్యి పడిపోయిందే" అని నవ్వుతూ వెళ్ళింది.

మూడింటికి లెక్కింపు మొదలుపెట్టాం. నేను చీటీ విప్పి చదువుతున్నాను. తోటి టీచర్ మాకు వీపు తిప్పి బోర్డు మీద గీతలు గీస్తోంది. కార్పో పక్షం తరఫున సలూద్ నా భుజం వెనక నిలబడి తన పట్టీలో టిక్కులు పెట్టుకుంటోంది. ఎదుటి పక్షం తరఫున వచ్చిన మనిషి సగం అయ్యేసరికి విసుగెత్తి, చుట్ట కాల్చుకోవడానికి కంచె దగ్గరికి వెళ్ళాడు. కిటికీ ఊచల అవతల ఊరంతా ఉంది. అందరికన్నా ముందు అమ్మ. అమ్మ ముందు మెల్డినా.

కార్పో. బెర్తో. కార్పో. కెప్టెన్ కార్పో. ఆ పాకలో నేను దిద్దించిన అక్షరాలు ఒక్కొక్కటీ నా చేతిలోకే తిరిగొస్తున్నాయి. ఇంగో తాతది చూడగానే గుర్తుపట్టాను. ఎంతో గుండ్రంగా రాశాడు పాపం.

ఇంకో పది చీటీలుంటాయనగా ఒకటి విప్పాను. మొదటి గీత మీద, కాగితం చిరిగేంతగా నొక్కి రాసి ఉంది. మెల్డినా. కింద గీతలన్నీ ఖాళీ.

నా వెనక సలూద్ ముందుకు వంగింది. మెడ మీద కొబ్బరి, జిగురన్నం కలిసిన వాసన. ఆమె పట్టీలో టిక్కు పడకుండా మిగిలింది ఒక్క పేరే. నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కిటికీ వైపు చూశాను. అమ్మ రెండు చేతులా ఊచలు పట్టుకుని, చెవి కాస్త ఇటు తిప్పి వింటోంది.

"దకుతాన్ కార్పో" అన్నాను.

బోర్డు మీద గీత పడింది. సలూద్ టిక్కు పెట్టుకుంది. చీటీ మడిచి మిగతావాటి కింద పెట్టాను.

"బాగా చదివావు, టీచర్" అంది సలూద్ చెవి దగ్గరికి వంగి, భుజం తట్టి. ఆ చేయి ఉన్నచోట జెర్రి పాకినట్టయింది. కార్పో నలభై ఓట్ల తేడాతో గెలిచాడు. నా అబద్ధం లేకపోయినా గెలిచేవాడు.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళేసరికి కాల్చిన పంది తల బల్ల మీద ఉంది, దాని చుట్టూ ఈగలు. ఆయన దాని చెవులు కొరుక్కు తింటున్నాడు.

"పిల్ల పేరేంటన్నావు?" అని నవ్వుతూ కాగితం అందుకున్నాడు. చదవలేదు. సంతకం గీకి ఇచ్చాడు. కొవ్వంటిన బొటనవేలి ముద్ర సరిగ్గా మెల్డినా అన్న పేరు మీద పడింది. "థాంక్స్ కెప్టెన్ గారూ" అన్నాను. రెండుసార్లు అన్నాను.

ఇంటికొచ్చి, "సంతకం అయిందమ్మా" అని కాగితం చూపించాను. అమ్మ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. తలెత్తలేదు.

"నిన్న చీటీలన్నీ చదివావా?"

"చదివాను."

"మొదట్నుంచీ చివరిదాకా నిలబడ్డా. కాళ్ళు పీకేశాయి. దాని పేరు వినపడలేదే. నా చెవులు బాగానే ఉన్నాయి."

నేను పక్కనే కూర్చున్నాను. "ఎందుకు రాశావమ్మా? అక్కడ రాయాల్సింది కార్పో పేరని నెల రోజులు..."

"గవర్నమెంటు కాగితం మీద ఎక్కడా లేదన్నాడు కదే వాడు. అది గవర్నమెంటు కాగితమే కదా? అందుకే ఎక్కించా. నువ్వు గవర్నమెంటు టీచర్వి. ఊరందరి ముందూ నువ్వు పైకి చదివితే ఇంక ఆ పేరు లేదని ఎవడంటాడు? వాడి సంతకం మనకెందుకు?"

అప్పుడు చెప్పాను. అలా రాస్తే చెల్లదని, ఓటు వృథా అవుతుందని, సలూద్‌కి తెలిసిపోయి సంతకం ఆగిపోయేదని, పిల్ల చదువు పోయేదని. ప్రతి మాటా నిజమే. చెబుతున్నంతసేపూ ఆ కోడి నెత్తురు నా నోట్లో ఉన్నట్టే ఉంది.

అమ్మ అంతా వింది.

"మరి నా చీటీ ఏమని చదివావు?"

చెప్పాను. అమ్మ ఇంకో చేప అందుకుని, పొట్ట విప్పి, ఉప్పు కూరింది.

జూన్‌లో మెల్డినా ఒకటో తరగతిలో కూర్చుంది. మొదటిరోజు కాగితాలు పంచి పేర్లు రాయమన్నాను. అందరికన్నా ముందు అదే రాసి చూపించింది. దాన్ని మెచ్చుకున్నాను. సాయంత్రం బజారుకు వెళ్ళి, ఎవరి పేరూ లేని కొత్త పెన్సిల్ ఒకటి కొన్నాను.

"రా అమ్మా, ఇవాళ నీ పేరు నేర్పిస్తా. అనస్తాసియా. పెద్ద పేరే, కానీ నీకొచ్చేస్తుంది."

అమ్మ చేతులు తుడుచుకుని పెన్సిల్ అందుకుంది. అటూ ఇటూ తిప్పి, దాని మీద ఏమీ లేదని చూసుకుని, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. కోపమేం లేదు మొహంలో.

"ఎందుకులే లియోనీ. నేనేం రాసినా చదివేది నువ్వేగా" అంది.